లీకేజీ లేని మా నాలుగో జోన్

కుళాయిలో నీళ్లు రాకపోయినా బతకొచ్చు గానీ, జోన్ లేకుండా మాత్రం మనిషన్నవాడు బతకకూడదు!

కర్నూలు నుంచి కడపకు పోయే దారిలో ఉన్న మా ఊరిని ఈ ఎండాకాలం నీళ్ల కోసం జోన్లుగా కోసిపెట్టారు. జోన్‌కో వాల్వు, జోన్‌కో మీటరు, జోన్‌కో వంతు. ఎక్కడ ఎంత నీరు వృథా అవుతోందో మీటరు ఇట్టే చెప్పేస్తుందట. ఇంతకుముందు ఊరు ఊరంతా గంపగుత్తగా ఎండిపోయేది. ఎంత మోటుతనం! ఇప్పుడు పద్ధతిగా, జోన్ల వారీగా ఎండుతున్నాం.

లాభాలు ఒకటా రెండా? కిరాణా వ్యాపారి కేశవులు కొట్టు మూడో జోన్, ఇల్లు నాలుగో జోన్. కొట్టుకు నీళ్లొచ్చే రోజు తెల్లారకముందే వచ్చి బియ్యం బస్తాల చాటున స్నానం చేసి, తడి తలతోనే బేరాలు మొదలుపెడుతున్నాడు. దీన్ని వాణిజ్యాభివృద్ధి అనరా?

ఇక మా నాలుగో జోన్ సంగతి! ఊళ్లో లీకేజీ పూర్తిగా ఆగిన మొదటి జోన్ మాదే. చర్చి వెనక ఏళ్ల తరబడి కారుతున్న పైపును మీటరు పట్టిచ్చింది, మనవాళ్లు వెంటనే సిమెంటు మెత్తేశారు. నిన్న ఆ పైపు దగ్గరే షామియానా వేసి ఇంజనీరు సుదర్శన్‌గారికి శాలువా కప్పాం. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

అంతలో ప్రేమమ్మ ఖాళీ బిందెతో ముందుకొచ్చింది. చర్చి వెనక గుడిసెల్లో ఉండే కూలి మనిషి. ఆ గుడిసెలకు కుళాయిల్లేవు, ఏ జోన్‌లోనూ కలపలేదు. ఇన్నేళ్లూ కారే ఆ పైపు కింద బిందెలు పెట్టి పట్టుకున్న నీళ్లతోనే వాళ్లంతా వండుకున్నారు, పిల్లలకు స్నానాలు చేయించారు.

"సారూ, ఈడ నీళ్లొస్తాండె గదా, యాడ పోయినాయి?"

"అవి నీళ్లు కాదమ్మా, నష్టం. ఆ నష్టాన్ని ఆపేశాం," అన్నారు ఇంజనీరుగారు ఎంతో ఓపికగా.

"అట్లనా సార్! ఆ నష్టంతోనే మా గుడిసెలన్నీ బతుకుతాండె. మళ్లా ఎప్పుడిడుస్తారు సార్?"

ఇంజనీరుగారు శాలువా సర్దుకున్నారు. నాకు మాత్రం కొట్టిన చప్పట్లకు సిగ్గేసింది.

అందుచేత పాఠకులారా, మీలో ఎవరింట్లోనైనా సుత్తి ఉంటే పంపండి. సిమెంటు మెత్తాక మా జోన్ వంతు ఇంకా రాలేదు, దాన్ని తడిపి గట్టిపరచడానికి చుక్క నీళ్లు దొరకలేదు. ఒక్క దెబ్బకే ఊడొస్తుంది!