ఆత్మకూరు టాడీషాపు పుట్టుపూర్వోత్తరాలు

నాగరిక ప్రభుత్వం కల్లును నిషేధిస్తుంది. మహానాగరిక ప్రభుత్వం కల్లంగడి పేరును కూడా నిషేధిస్తుంది. మద్యనిషేధం వచ్చినాక మనది రెండో కోవలో చేరి, మద్యపద నిర్మూలన శాఖను నెలకొల్పింది. (కల్లు మాన్పించే శాఖ వేరే ఉండాది. దాన్నెవరూ తొందరపెట్టలా.)

ఆ శాఖ వచ్చి ఓబులమ్మ నెత్తిన పడింది. మర్రిపాడు బస్సులు ఆగేచోట, మూతపడిన కల్లంగడి కొట్టంలోనే ఆమె టీ అంగడి పెట్టుకునింది. జనం మాత్రం ఆ చోటును "టాడీషాపు" అనే అంటారు. ఆత్మకూరోళ్ల అలవాటే అంత. రైసుమిల్లు కాలిపోయి ఏళ్లయినా అక్కడ దిగేవాళ్లు "మిల్లు కాడ ఆపు" అనే అరుస్తారు. ఆ మాట పోకుంటే ఓబులమ్మ లైసెన్సు పోతుందని ఉత్తర్వు.

"వాళ్ల నోళ్లకు నేను కుట్లెయ్యాల్నా సామీ? ఈ పొయ్యి ఆరితే నా ఇంట్లో పొయ్యి ఆరిపోతాదే!" అనింది ఓబులమ్మ.

మాటను పెరకాలంటే దాని వేరు దొరకాలని, పదమూల విచారణాధికారి శ్రీమన్నారాయణగారు నెల్లూరు నుంచి దిగారు. ఆమె బెంచీ మీదే కచేరీ పెట్టి, ఆమె టీ తాగుతూ (విచారణ టీకి డబ్బులడగరాదని నిబంధన) తీర్పు చెప్పారు. పదం ముందు సగం మన తాడిచెట్టు నుంచి ఇంగ్లీషు సీమకు పోయి, టోపీ పెట్టుకుని తిరిగొచ్చింది. వెనక సగం తెల్లవాడిది. అది నలభైఏడులో ఓడెక్కినందున సమన్లు అందవు. స్వదేశీ ముద్దాయి దొడ్లోనే నిలబడి ఉన్నందున తాడిచెట్టుకు నోటీసు అంటించాలి.

నోటీసు ముద్దాయి ముఖానికే అందాలన్నారు. కల్లుగీత పని పోయి ఖాళీగా ఉన్న తిరుపాలును చెట్టెక్కమన్నారు.

"ఎటూ ఎక్కతానుగదా సామీ, కుండ కూడా తీసకపోతా," అన్నాడు తిరుపాలు.

గడువులోగా చెట్టు జవాబివ్వలా. దాంతో ఆ చోటుకు "నిర్మద్య తేనీటి విరామస్థానం" అని బోర్డు కొట్టించి వెళ్లారు అధికారిగారు.

నెల తిరిగి తనిఖీకి బస్సులో వస్తూ, "నిర్మద్య తేనీటి విరామస్థానం దగ్గర ఆపవయ్యా," అన్నారు. కండక్టరు ఆయన్ను ఎగాదిగా చూసినాడు. బస్సు కొట్టం దాటిపోతోంది. అధికారిగారు లేచి నిలబడి, "ఒరే, ఆపరా! టాడీషాపురా, టాడీషాపు!" అని గొంతు చించుకున్నారు.

బస్సు టక్కున ఆగింది.

నిషిద్ధ పదం ఆ స్థలంలో ఇంకా వినబడుతోందని, స్వయంగా చెవులారా విన్నామని, ఓబులమ్మ లైసెన్సు అక్కడికక్కడే రద్దు చేశారు.

ఇప్పుడు ఆ కొట్టంలో ఓబులమ్మ కల్లమ్ముతోంది. (నిషేధించిన సరుక్కు లైసెన్సు అక్కర్లేదు.) తెచ్చిచ్చేది తిరుపాలు. గిరాకీ బ్రహ్మాండంగా ఉండాది. టీ పోయింది గనుక, జనం ఇప్పుడు ఆ చోటును "టీ అంగడి" అంటున్నారు.

పదం సమూలంగా నిర్మూలించినందుకు శ్రీమన్నారాయణగారికి ప్రమోషనొచ్చింది.