ఒంటి సీటు వైభవం

బండి చెడిపోతే మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. చేతులు రెండూ సలక్షణంగా ఉండి, ఫోనులో వీడియోలు ఉండి, ఇంట్లో హాలంటూ ఒకటి ఉండి కూడా, సొంత మోటారు సైకిల్‌ను పరాయివాడి చేతిలో పెట్టి, పక్కన స్టూలు మీద కూర్చుని చిరిగిన పత్రిక తిరగేసే మనిషిని ఏమనాలి? అసలు మనిషి అనొచ్చా?

నేనూ ఒకప్పుడు ఆ బాపతే. పధ్నాలుగేళ్ళు ఆ స్టూలు మీద కూర్చున్నవాణ్ణి. కిందటి వేసవిలో కళ్ళు తెరుచుకున్నాయి. తెరిపించింది మా బండి సీటు.

దానికొచ్చిన జబ్బు పెద్దదేం కాదు. కిర్రుమనేది. నేనొక్కణ్ణే కూర్చుంటే కిక్కురుమనేది కాదు. వెనక కూర్చున్న మా ఆవిడ నా చెవిలో ఏదో చెప్పడానికి కాస్త ముందుకు వంగిందా, కిర్రు! చెప్పడం అయిపోయి వెనక్కి జరిగిందా, మళ్ళీ కిర్రు! మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోజూ పొద్దున్నే ఆమెను అక్కడ దింపి నేను మా ఆఫీసుకు పోవాలి. ఇంటి నుంచి ల్యాబ్‌కు ఇరవై అయిదు నిమిషాలు. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో ఎన్ని కిర్రులు వినాల్సి వచ్చేదో మీరు ఊహించుకోలేరు.

ల్యాబ్‌లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోవడం దగ్గర్నుంచి, సూది చూడగానే కళ్ళు తిరిగి పడిపోయిన ఆరడుగుల పోలీసాయన దాకా, సమస్తమూ ఆ దారిలోనే చెప్పేది. నేను హెల్మెట్ లోపల్నుంచి ‘ఊఁ’ అనేవాణ్ణి. గేరు మార్చినప్పుడల్లా ఒక ‘ఊఁ’. మొగుడూ పెళ్ళాల సంభాషణంటే ఇంతకంటే ఏముంటుంది చెప్పండి?

“వీధి చివరి మెకానిక్‌కి చూపించండీ. రెండు చుక్కలు నూనె వేస్తే పోతుంది” అంది మా ఆవిడ.

రెండు చుక్కల నూనె! సమస్యను ఇంత చులకన చేస్తే మగవాడు ఎదిగేదెప్పుడు? ఆ ఆదివారమే సోఫాను గోడకు నెట్టి, బండిని హాల్లోకి ఎక్కించి, సొంత రిపేరుకు శ్రీకారం చుట్టాను.

అయ్యా, అమ్మా, ఇంటి రిపేరు ఇచ్చే సుఖాలు ఒకటా రెండా!

ముందు సమృద్ధి సంగతి చూడండి. బండి విప్పినప్పుడు ఎన్ని నట్లు వచ్చాయో, బిగించేటప్పుడు అన్నీ పట్టవు. కొన్ని మిగులుతాయి. నాకు పదకొండు మిగిలాయి. ఇంట్లో ఇంత ఉదారంగా మిగిలేది ఇంకేదైనా ఉందా? అవి లేకుండానే బండి నడుస్తోందంటే, తయారుచేసినవాళ్ళు ఇన్నాళ్ళూ వాటిని ఊరికే బిగించారన్నమాట. ఇంత పెద్ద నిజం ఏ మెకానిక్ మీకు చెప్తాడు?

తర్వాత కుటుంబ ఐకమత్యం. చైను బాత్రూం బకెట్లో నానుతుంటుంది. కార్బురేటర్ గిన్నెల స్టాండులో గరిటెల పక్కన ఆరుతుంటుంది. నా వేళ్ళ గ్రీజు స్విచ్చులకూ, ఫ్రిజ్ తలుపుకూ, టీవీ రిమోట్‌కూ సమానంగా అంటుకుంటుంది. ఇంట్లో నా ముద్ర లేదని ఎవరనగలరు?

ఇరుగుపొరుగు మాటేమిటంటారా? పై వాటా ఆయనా నేనూ మూడేళ్ళుగా ఎదురుపడితే తలకాయ ఊపుకునే మనుషులం. సుత్తి పట్టిన రోజు నుంచి ఆయన రోజుకు రెండుసార్లు కిందికి దిగొచ్చి మాట్లాడుతున్నారు. ఆ మాటలు ఇక్కడ రాయడానికి బాగుండవు గానీ, మాటలైతే ఉన్నాయి కదా!

ఇక అసలు ఘట్టానికి వస్తాను.

కిర్రు ఎక్కడ పుడుతోందా అని వీడియోలు వెతుకుతుంటే, ఒక గడ్డం ఆయన కనిపించాడు. ఆయన బండికి పొడుగాటి సీటు లేదు. ఒక్కడు పట్టేంత బుల్లి తోలు సీటు, దాని వెనక చిన్న మూపురం, అంతే. ‘మీ బండి మీ వ్యక్తిత్వం’ అన్నాడాయన. నా వ్యక్తిత్వం ఇన్నాళ్ళూ ఇద్దరు కూర్చునే రెక్సిన్ సీటని తెలిసి నాకు తల కొట్టేసినట్టయింది!

దానికి చేయాల్సింది చాలా సులువు. పాత సీటు తీసేయాలి. దాన్ని మోసే రెండు ఇనుప గొట్టాలను వెనక వైపు హాక్సా బ్లేడుతో కోసేయాలి. కోతకు ముందు రెండుసార్లు ఆలోచించమని ఆయన చెప్పాడట. నేను ఆ ముక్క దాటించి చూశాను.

రెండో గొట్టం సగంలో ఉండగా మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

“బాగుంది. మరి నేనెక్కడ కూర్చోవాలి?”

“చూద్దాంలే” అన్నాను. కళాఖండం తయారవుతుంటే మధ్యలో ఇలాంటి ప్రశ్నలేమిటి?

ఆమె లోపలికి వెళ్ళింది. మర్నాటి నుంచి ఏడూ ఇరవై బస్సుకు వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక్క మాట అంటే ఒట్టు! సొంత రిపేరు ఇంట్లోకి ఎంత శాంతి తెస్తుందో చూశారా?

నాలుగు నెలల తర్వాత బండి వీధిలోకి దిగింది. నల్లటి రంగు, గుండ్రటి లైటు, వెనక మూపురం. జనం తలలు తిప్పి చూశారు. సైలెన్సర్ చప్పుడు వల్ల కూడా కావచ్చు. కిర్రు మాత్రం లేదు! సమూలంగా పోయింది. ఇరవై అయిదు నిమిషాలు నా చెవి నా సొంతం.

ఆ సాయంత్రం నేరుగా ల్యాబ్ ముందు బండి ఆపి, దాని పక్కన ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాను. మా ఆవిడ బయటికొచ్చి చూసింది. “బావుందండీ” అంది మనస్ఫూర్తిగానే. ఒకసారి సీటు వైపు, ఒకసారి నా వైపు చూసింది. ఇంతలో బస్సొచ్చింది. ఎక్కేసింది.

నేను బస్సు పక్కనే నడుపుకుంటూ వచ్చాను. సిగ్నల్ దగ్గర కిటికీ సరిగ్గా నా పక్కకు వచ్చి ఆగింది. అద్దం వేసి ఉంది. లోపల మా ఆవిడ చేతులు తిప్పుతూ ఏదో చెప్తోంది, పక్కసీటు అమ్మాయి పడీ పడీ నవ్వుతోంది. నాకొక్క ముక్కా వినపడలేదు. పచ్చ లైటు పడింది, గేరు వేశాను, అలవాటు కొద్దీ ‘ఊఁ’ అన్నాను.

ఇది బాధతో చెప్తున్నాననుకునేరు. కాదు. స్వేచ్ఛ గురించి చెప్తున్నాను.

కిందటి శనివారం మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. రిపేరుకు కాదు, పరువు గలవాణ్ణి. పదో నంబరు పానా అడగడానికి వెళ్ళాను, అంతే. అతను పానా ఇస్తూ, “పార్టీ ఎప్పుడు సార్?” అన్నాడు.

“బండికా?” అన్నాను కాస్త సిగ్గుపడుతూ.

“బండికెందుకు సార్! మేడం ల్యాబ్ ఇన్‌ఛార్జ్ అయ్యారు కదా. నెలైందిగా. మా చెల్లెలు ఆ బస్సులోనే వెళ్తుంది, మేడం పక్కసీటే. రోజూ ఇంటికొచ్చి మేడం కబుర్లే మాకు చెప్తుంది. ఆ పోలీసాయన మళ్ళీ వచ్చి మళ్ళీ పడిపోయాడంట కదా!”

పోలీసాయన మళ్ళీ వచ్చాడట. మెకానిక్‌కు తెలుసు. మెకానిక్ ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఇంటికొచ్చాను. మా ఆవిడ వెనక వసారాలో టీ తాగుతోంది. అక్కడ బెంచీ ఒకటి వెలిసి చాలా రోజులైంది. నాలుగు ఇటుకల మీద మా పాత సీటు! అంత పొడుగు సీటు ఖాళీగా ఉన్నా, ఆమె వెనక సగంలోనే కూర్చుని ఉంది. నేను వెళ్ళి ముందు సగంలో కూర్చున్నాను. ఎదురుగా గోడ.

“ఇన్‌ఛార్జ్ అయ్యావటగా” అన్నాను గోడతో.

“అవును.”

“నాకు చెప్పనేలేదే!”

“చెప్పానండీ. పోయిన నెల్లో ఒక ఆదివారం. మీరు డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకుని ఉన్నారు. మెషీన్ ఆగాక ఇంకోసారి కూడా చెప్పాను.”

“నేనేమన్నాను?”

“ఊఁ అన్నారు.”

నాకు సిగ్గేసింది. ఇంకా ఏమైనా చెప్తుందేమోనని కదలకుండా, చెవి కాస్త వెనక్కి పెట్టి కూర్చున్నాను. ఆమె ముందుకు వంగితే సీటు కిర్రుమంటుంది. ఎంతసేపు కూర్చున్నా కిర్రుమనలేదు. ఆమె వెనక గోడకు చేరగిలబడి టీ పూర్తిచేసి, గ్లాసు కడగడానికి లోపలికి వెళ్ళింది.

కాబట్టి పాఠకులారా, సొంత రిపేరును మించిన వరం లేదన్న నా మాటకు నేను కట్టుబడే ఉన్నాను. కావాలంటే మా హాలుకు రండి, పానాలూ హాక్సా బ్లేడూ పదకొండు నట్లూ అన్నీ ఊరికే ఇచ్చేస్తాను. నాకిప్పుడు వాటితో పనిలేదు.

ఎందుకంటే మర్నాడు పొద్దున్నే, పాత సీటును ట్యాంకు మీద తాళ్ళతో కట్టి, బండిని తోసుకుంటూ వీధి చివరికి వెళ్ళాను. మెకానిక్ కోసేసిన గొట్టాల చుట్టూ ఒకసారి తిరిగి, నోరు నొక్కుకుని, వెల్డింగ్ పెట్టాలన్నాడు. తర్వాత చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు.

“అసలు కంప్లయింట్ ఏంటి సార్?”

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“శబ్దం రావట్లేదు” అన్నాను.