ముత్యం ఆర్ట్స్, కరీంనగర్

ఇగ జిల్లాల గోడల మీద సున్నం తప్ప ఏం కనవడొద్దని ప్రచార శాఖ మంత్రి భూపాల్‌రావు గారు 1996 ఉగాది నాడు కరీంనగర్ సభల ప్రకటించిండు. సర్కారు రాతలు, బొమ్మలు, ఆఖరుకు మంత్రిగారి ముఖం సుత ఇకమీదట కంప్యూటరే గీస్తదన్నడు. గసుంటి మాట అననీకె ఎంత ముందుచూపు ఉండాలె! ఆయన వెనకాల కట్టిన బ్యానర్ మీద గదే మాట బారెడు అక్షరాలతోని రాసి ఉన్నది. రాసినోడు ముత్యం.

ముత్యం జిల్లా ప్రచార ఆఫీసుల పెయింటర్. పద్నాలుగేండ్ల సంది దినకూలీ. జమ్మికుంట మార్కెట్ యార్డు గోడ మీద ఆయన రాసిన అక్షరాలు ఒక్కొక్కటి నిలువెత్తు మనిషంత ఉంటయి. ఆయనను పర్మినెంట్ చెయ్యాలని ఒక ఫైలున్నది. ఆరేండ్ల సంది ఆ ఫైలైతే ఆఫీసుల పర్మినెంటుగనే ఉన్నది.

ప్రకటన ఇన్న కాన్నుంచి ముత్యంకు బువ్వ సయించలే. కంప్యూటర్ నిచ్చెన ఎక్కలేదు గద, నువ్వు ఫికర్ జెయ్యకు అని పెండ్లాం కొమురవ్వ ధైర్యం జెప్పింది.

కంప్యూటర్లు రెండొచ్చినయి. ఒకటి కిటికీల ఆపరేటింగ్ సిస్టంది. ఇంకోదాని ఆపరేటింగ్ సిస్టం వేరే, దాని మీద కొరికిన పండు బొమ్మున్నది. బొమ్మల పనికి రెండిట్ల ఏది మేలో తేల్చెతందుకు స్పెషల్ ఆఫీసర్ వెంకటేశ్వర్‌రావు సార్ ఛైర్మన్‌గ కమిటీ వడ్డది. సార్ ఊకె కూసునే మనిషి కాదు. హైదరాబాద్, బెంగళూరు, ఊటీ తిరిగి అధ్యయనం చేసొచ్చిండు. ఊటీల కంప్యూటర్లు లేవు గని, చల్లటి జాగల అవి ఎట్లుంటయో అంచనాకు దొరికిందట. కమిటీల ఒక కళాకారుడు ఉండాలని రూలున్నదని ముత్యంను క్రియేటివ్ మెంబర్ చేసిన్రు. పోలిక మంచిగ తేలితే ఫైలు మీద సంతకం పెడ్తనని సార్ మాటిచ్చిండు.

పోలిక మూడు నెలలు నడిచింది. ఏసీ ఇంక రాలే గనుక స్విచ్చి వెయ్యొద్దని సార్ ఆర్డరేసిండు. ఉక్కకు ఖరాబైతే జవాబు ఎవలు జెప్పాలె? అందుకని స్విచ్చి వెయ్యకుంటనే శాస్త్రీయంగ పోల్చిండు. తూకమేసిండు. తీగలు టేపుతోని కొలిచిండు. చేతవట్టి జరిపే మౌసుకు కిటికీలదానికి రెండు బొత్తాలు, పండుదానికి ఒక్కటే. ఒకటెక్కువ ఇచ్చినందుకు కిటికీలకు ఐదు మార్కులు. రంగుల బొమ్మ ముద్దుగున్నదని పండుకు ఐదు. రెండింటిని జీపుల ఏసుకోని కొండగట్టుకు పూజకు తీస్కపోతే, ఎంగిలి పండును అంజన్న ముంగట పెట్టద్దని పూజారి అడ్డం వడ్డడు. పండుకు రెండు మార్కులు కోసిన్రు. ముత్యం రంగు డబ్బాలు తెప్పించి కొరికిన జాగను అదే రంగులతోని నింపిండు. రెండు మార్కులు తిరిగొచ్చినయి. లెక్క మళ్ల సమానమైంది.

ఒకనాడు పగటీలి సార్ బువ్వకు పోయినప్పుడు ముత్యంకు పాణం ఆగలే. చెప్పులు బయట ఇడిచి, లోపలికి పోయి రెండింటికి స్విచ్చి ఏసిండు. మౌసు జరిపితే తెర మీద గీత వచ్చింది. చెయ్యి తిరిగినకాడ గీత తిరిగింది. తప్పు గీత తుడిస్తే మరక సుత మిగల్లే. పద్నాలుగేండ్లు కిరసనాయిలు గుడ్డతోని తుడిసిన మనిషికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గిది నా చేతికిస్తే ఏమేం చేద్దునో అనుకున్నడు. పండుదాంట్ల రంగులు ఇంపుగున్నయని, కిటికీలదాంట్ల పని అలవాటైతే జల్దీ వస్తదని, రెండూ మంచియే, నేర్పేటోడు కావాలెనని ఒక కాయితం మీద రాసి సార్‌కు ఇచ్చిండు. సార్ సదివిండు. స్విచ్చి ఎవలు ఎయ్యమన్నరని అడిగి, కాయితం చింపేసిండు.

ఇంతల మంత్రిగారు చూడ వస్తుండని కబురొచ్చింది. ఏసీ రాలే. సార్ ముత్యంను పక్కకు పిలిచి నిమ్మళంగ చెప్పిండు.

"మంత్రిగారికి తెరల మీద ఆయన ముఖం కనవడాలె. నీ ఫైలు నా బల్ల మీదనే ఉన్నది."

ముత్యంకు సమజైంది. తెర అద్దమంత రెండు అట్టలు కోసి, మంత్రిగారి ముఖం దించిండు. మీసాలు నల్లగ చేసిండు, గదుమ మీది పులిపిరి తీసేసిండు. ఏ గోడ మీద పని అయిపోయినా మూలకు పేరు రాసుడు ఆయన అలవాటు. చెయ్యి అదే పోయి రాసింది. అట్టలు రెండింటిని తెరలకు అతికిచ్చిండు.

మంత్రిగారు వచ్చిండు. కంప్యూటర్లకు దండలేసిన్రు. గప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, గని రెండు తెరల మీద రెండు ముఖాలు నవ్వుకుంటనే ఉన్నయి.

"కరెంటు లేకున్నా నడుస్తున్నయేందివి?"

"అదే వీటి గొప్పతనం సార్," అన్నడు స్పెషల్ ఆఫీసర్.

మంత్రిగారు దగ్గరికి పోయి వంగి చూసిండు. తనను ఉన్నదున్నట్టు పట్టిందని మెచ్చుకున్నడు. మెచ్చుకుంట మూలకు వేలు పెట్టిండు.

"ముత్యం ఆర్ట్స్ అని ఉన్నది. ఎవలిది?"

తలుపు కాడ నిలవడ్డ ముత్యం చెయ్యి సగం లేపిండు.

"ఆపరేటింగ్ సిస్టం పేరు సార్," అన్నడు వెంకటేశ్వర్‌రావు సార్. "కిటికీలది, పండుది రెండూ తీసేసి దీన్ని ఎక్కించినం. ఆర్ట్స్ పనికోసమే చేసింది."

ముత్యం లేపిన చెయ్యితోని తల గోక్కున్నడు.

మూడు వారాలకు ఆర్డరొచ్చింది. అండ్ల రెండు పేరాలు. క్రియేటివ్ పనికి అన్నిట్లకెళ్లి మేలైన ముత్యం ఆర్ట్స్ సిస్టంను జిల్లాల అన్ని మండలాలకు తెప్పియ్యాలని మొదటిది. అంత మంచి సిస్టం దొరికినందున, దినకూలీ పెయింటర్ ముత్యం, తండ్రి గంగయ్య, ఇక అవసరం లేదని రెండోది.

సార్‌కు నిజంగనే బాధైంది. భుజం మీద చెయ్యేసి, పోయేముందర గేటు మీద ఒక్క బోర్డు రాసిపొమ్మన్నడు. "ఇచ్చట పనులన్నియు కంప్యూటర్ ద్వారా జరుగును." ముత్యం పొద్దటి సంది మిట్టమధ్యాహ్నం దాక రాసిండు. అక్షరం వంకర పోలే. పద్నాలుగేండ్లల్ల మొదటిసారి మూలకు పేరు రాయకుంటనే నిచ్చెన దిగి, బ్రష్షులు కడుక్కున్నడు.

సార్ బయటికొచ్చి బోర్డును ఆ కొసకెళ్లి ఈ కొస దాక చూసిండు. పరేషాన్ అయిండు.

"ముత్యం, కింద పేరు మరిచినవు. రాయి. పేరు లేకపోతే కంప్యూటర్ చేసింది కాదనుకుంటరు."

ముత్యం నిచ్చెనను మళ్ల గేటుకు ఆనించిండు.