నడుస్తున్న సర్వర్‌కు ప్రారంభోత్సవం

"ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. ఈ క్షణం నుంచి ఈ గది సాక్ష్యం," అని ప్రకటించాడు యోగానంద.

జిల్లా చిన్న పరిశ్రమల అధికారి అంత గంభీరంగా ప్రకటించేసరికి నగరిలోని వరదయ్య టెక్స్‌టైల్స్‌లో సర్వర్ ఆగిపోయి గంట దాటింది. ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు వెలుగుతూనే ఉన్నాయి గానీ వాటిలో పనికొచ్చే ఫైలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఏ లుంగీలో ఏ రంగు గడి పక్కన ఏ రంగు గడి రావాలో చెప్పే చీటీలన్నీ వెనక గది సర్వర్‌లో ఉన్నాయి. చీటీ లేక మగ్గం మీదికి పడుగు నూలు ఎక్కలేదు. పడుగు ఎక్కక షెడ్డులో ఎనిమిది మరమగ్గాలు నిలబడిపోయాయి. పగటిపూట మగ్గం చప్పుడు వినపడకపోతే నగరిలో జనం గుమ్మాల్లోకి వచ్చి చూస్తారు. వచ్చి, చూసి, గేటు దగ్గర గుంపు కట్టారు.

"సార్, ఆ మీట ఒక్కసారి నొక్కితే చాలు. రెండు నిమిషాల్లో వచ్చేస్తాది," అంది రేవతి.

ఆ సర్వర్‌ను చూసుకునేది ఆమే. యోగానంద ఆమె వైపు జాలిగా చూశాడు.

"మంత్రిగారు స్వహస్తాలతో ఆన్ చేసిన యంత్రమమ్మా అది. దాన్ని నువ్వు మళ్ళీ ఆన్ చేస్తే ఏమని అర్థం?"

"ఆగిపోయిందని సార్."

"అదే. ఎవరు ఆపినారో తేలేదాకా అట్లాంటి అర్థాలు రాకూడదు."

ఇలాంటి ముందుచూపు ఉన్న అధికారులు జిల్లాకు ఒకరే ఉంటారు. చిన్న పరిశ్రమలకు సర్వర్లు ఇచ్చే పథకం మూడేళ్ళుగా ఆయన బీరువాలో భద్రంగా ఉంది. శుక్రవారం ఏదో ఒకటి ప్రారంభించి తీరాలని మంత్రి కార్వేటి ధనంజయ పట్టుబట్టినప్పుడు యోగానంద జిల్లా అంతా జల్లెడ పట్టాడు. చివరికి చిన్న పరిశ్రమల్లో పనిచేస్తున్న సర్వర్ ఒక్కటి కనిపించింది. అది ప్రభుత్వం ఇచ్చింది కాదు. వరదయ్య మూలన పడేసిన పాత కంప్యూటర్‌కు దుమ్ము దులిపి, తిరుపతిలో స్నేహితురాలి దగ్గర, విండోస్‌కు బదులు వాడే లినక్స్ సీడీ తెచ్చుకుని రేవతి సొంతంగా తయారుచేసుకున్నది. ముందు గదిలో వరదయ్య కొన్న విండోస్ కంప్యూటర్లు, వెనక గదిలో ఊరికే వచ్చిన లినక్స్. రెండూ ఏ పేచీ లేకుండా కలిసి పనిచేస్తున్నాయి. పెట్టిన నాటి నుంచి అది ఒక్కసారి కూడా ఆగలేదు. నాలుగు వందల పదకొండు రోజులు. యోగానంద దానికి పథకం పేరున్న స్టిక్కర్ అంటించాడు. ప్రభుత్వ సర్వర్ తయారైంది.

అంటించేటప్పుడే రేవతి ఒక సందేహం అడిగింది. "నడస్తా ఉండేదాన్ని ఎట్లా ప్రారంభిస్తారు సార్?"

"ప్రారంభోత్సవానికి యంత్రంతో పనిలేదమ్మా. రిబ్బన్ ఉండాల, మీట ఉండాల, ఫోటోగ్రాఫర్ ఉండాల."

అయితే మానిటర్ మీట నొక్కించండి, సర్వర్ మీట మాత్రం వద్దని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన సరేనన్నాడు. కానీ తెల్లవారి మంత్రిగారి మనుషులు యంత్రానికి బంతిపూల దండ వేశారు. దండ కింద మానిటర్ మీట కనపడలేదు. కనపడిన మీట ఒక్కటే.

ముహూర్తం ప్రకారం పది ముప్పై రెండుకు మంత్రిగారు దాన్ని నొక్కారు. టక్కుమంది. లోపల తిరుగుతున్న ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. గదిలో ఉన్న పాతికమందీ చప్పట్లు కొట్టారు.

"ఎంత నిశ్శబ్దంగా పనిచేస్తుందో చూడండప్పా," అని మెచ్చుకుని మంత్రిగారు పుత్తూరు వెళ్ళిపోయారు.

దారిలో ఆయనకు ఫోన్ వెళ్ళింది. యంత్రం ఆగిపోయిందని విన్న మరుక్షణం ఆయన కుట్రను పసిగట్టారు. సాయంత్రం నాలుగింటికి తిరుగుదారిలో నగరిలో సభ పెట్టాలనీ, ద్రోహి పేరు తన నోటితోనే జనానికి చెబుతాననీ, ఆ తర్వాత పోలీసులు చేయాల్సింది చేస్తారనీ సెలవిచ్చారు. అలా యోగానంద ఏకసభ్య విచారణ సంఘం అయ్యాడు. సహాయానికి పార్టీ యువజన నాయకుడు మురుగేష్ తనంతట తానే వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"పది ముప్పై రెండుకు ఆన్ చేసినారు," అన్నాడు యోగానంద కాగితం చూస్తూ. "ఎప్పుడు ఆగింది?"

"పది ముప్పై రెండుకే సార్."

"చూసినావా మురుగేష్? అదే నిమిషంలో ఆపేసినారు. ఎంత ఆరితేరిన చెయ్యో."

"మామూలోళ్ళ పని కాదు సార్ ఇది," అన్నాడు మురుగేష్ భక్తిగా.

రేవతి చుట్టూ చూసింది. గదిలో వరదయ్య ఉన్నాడు, ఫోటోగ్రాఫర్ ఉన్నాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉన్నారు. మీట మీద వేలు పడటం అందరూ చూశారు. ఇప్పుడు అందరూ పైకప్పు చూస్తున్నారు.

"ఈ లినక్స్ ఎవరిది?" అని మొదలుపెట్టాడు యోగానంద.

"ఎవరిదీ కాదు సార్. అందరిదీ."

"అందరిదీ అంటే ఏ శాఖ కిందికి వస్తాది?"

"ఏ శాఖా లేదు సార్. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఊరికే ఇస్తారు."

"ఊరికే ఎవుడిస్తాడమ్మా? మేమే ఊరికే ఇయ్యం," అన్నాడు మురుగేష్. "ఊరికే ఇచ్చినాడంటే వాడు ఈడ పోటీ చేయబోతా ఉండాడని అర్థం. ఏ పార్టీ?"

"పార్టీ కాదన్నా. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసినారు."

"ఎక్కడెక్కడి వాళ్ళో," అని యోగానంద కాగితం మీద రాసుకుని కింద గీత గీశాడు. "దాని పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నాకే సార్."

గీత కింద మరో గీత పడింది. విచారణ అక్కడితో సగం పూర్తయిందని రేవతికి అర్థమైంది. నాలుగు గంటలకు మైకులో తన పేరు వినపడుతుంది. ఆ తర్వాత జీపు. తర్వాత ఈ ఊళ్ళో ఏ షెడ్డులోనూ ఎవరూ పనివ్వరు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న మునెమ్మ కల్పించుకుంది. షెడ్డులో నూలు కండెలు చుట్టే మనిషి, అరవై ఏళ్ళది.

"ఆ బిడ్డను యాల సతాయిస్తారు సామీ? ఒత్తింది ఆయప్ప గదా. నేను ఈడనే నిలబడి సూస్తా ఉంటి." గోడ మీది బ్యానర్‌లో చేతులు జోడించి నవ్వుతున్న మంత్రిగారి ముఖాన్ని వేలితో చూపించింది.

గదిలో ఎవరూ బ్యానర్ వైపు చూడలేదు.

"అవ్వా, నీకు కళ్ళు సరిగా ఆనతాయా?" అని మురుగేష్ ఆప్యాయంగా అడిగాడు.

"సూదిలో దారం ఎక్కిస్తా నాయనా, కావాలంటే తే."

"దూరం చూపు పోయింది," అని తేల్చాడు యోగానంద. ప్రభుత్వం సాక్షుల ఆరోగ్యాన్ని ఎంత పట్టించుకుంటుందో నగరి ఆ రోజు చూసింది. మునెమ్మను అప్పటికప్పుడు జీపులో ఎక్కించి కంటి శిబిరానికి పంపించారు. శిబిరం వచ్చే నెలలో ఉంది. అయినా పంపించారు.

ఫోటోగ్రాఫర్ తన కెమెరాలో రీలును, ఎవరూ అడక్కముందే, వెలుతురులోకి లాగి పాడుచేసి బల్లమీద పెట్టాడు.

మధ్యాహ్నం వరదయ్య రేవతిని పక్కకు పిలిచాడు. మంచివాడే. నాలుగేళ్ళుగా ఆమెను ఒక్కసారి కూడా గద్దించింది లేదు.

"అమ్మా, పొరపాటున నీ చెయ్యి తగిలిందని ఒప్పుకోమ్మా. మంత్రి చల్లని మనిషంట. క్షమించేస్తాడంట."

"మరి పోలీసు జీపు ఎందుకు నాయనా?"

వరదయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ మగ్గాల వైపు వెళ్ళిపోయాడు.

రెండున్నరకు కొత్త చిక్కు వచ్చింది. నివేదిక తెలుగులో టైపు చేయాలి. యోగానంద ఆఫీసులో టైపు వచ్చినవాడు సెలవులో ఉన్నాడు. నగరిలో కంప్యూటర్ మీద తెలుగు టైపు చేయగలిగింది రేవతి ఒక్కతే. యోగానంద ఇబ్బందిపడలేదు. పరిపాలనలో ముద్దాయి, గుమస్తా వేరు వేరు మనుషులే కానక్కర్లేదు.

ముందు గదిలో కూర్చుని ఆమె టైపు చేసింది. ఆయన అటూ ఇటూ నడుస్తూ చెప్పాడు. రాష్ట్ర ప్రగతి గురించి ఒక పేజీ. మంత్రిగారి దూరదృష్టి గురించీ, సర్వర్ ఆగిన సమయం గురించీ ఒక పేజీ. చివరికి అసలు వాక్యం దగ్గరకు వచ్చేసరికి ఆయన నడక ఆగింది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆమె పేరే చెప్పడం మర్యాదగా తోచలేదు.

"ఈ నష్టానికి కారకులు, అని కొట్టు. తర్వాత పేరు."

"ఏ పేరు కొట్టమంటారు సార్?"

"ఎవరు చేసినారో వాళ్ళ పేరేనమ్మా. ప్రభుత్వ నివేదికలో అబద్ధం ఉండకూడదు. నేను భోజనం చేసి వస్తా."

ఆయన వచ్చి, మూడు పేజీల బరువు చేత్తో చూసి, సంతకం పెట్టాడు. అన్నం తిన్న తర్వాత చదివితే ఆయనకు నిద్ర వస్తుంది.

నాలుగింటికి మగ్గాల సంఘం ఆవరణ నిండిపోయింది. రేవతిని వేదిక పక్కన నిలబెట్టారు. మహిళా కానిస్టేబుల్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది. గట్టిగా ఏమీ కాదు, అలవాటుగా. జీపు వెనక తలుపు తెరిచి పెట్టారు.

మంత్రిగారు వచ్చారు. దండలు వేయించుకున్నారు. నివేదిక అందుకున్నారు. కాగితాన్ని ముందుగా చదివి చూసుకునే అలవాటు ఆయనకు లేదు. తన ప్రసంగాన్ని ప్రజలతోపాటు తాను కూడా మొదటిసారి వినే సమానత్వం ఆయనది.

"సర్వర్ ఆగిన సమయం పది గంటల ముప్పై రెండు నిమిషాలు," అని చదివారు. "ఆ సమయంలో మీట మీద ఉన్నది ఒకే ఒక్క చెయ్యి."

"యా చెయ్యి అది?" అని మురుగేష్ కింద నుంచి కేకేశాడు. "పేరు చెప్పాల."

"పేరు చెప్పాల," అన్నారు జనం.

రేవతి మోచేతి మీద పట్టు బిగిసింది. మంత్రిగారు చెయ్యెత్తి జనాన్ని శాంతింపజేసి, వేలు తడిచేసుకుని మూడో పేజీ తిప్పారు.

"ఈ నష్టానికి కారకులు, గౌరవనీయ..."

ఆ మాట వినగానే యోగానంద కుర్చీలోంచి లేచాడు. కానీ మైకు మంత్రిగారి చేతిలో ఉంది. ముప్పై ఏళ్ళుగా ప్రతి సభలోనూ వింటున్న మాటలు కళ్ళకు తగలగానే ఆయన ఛాతీ అలవాటుగా పొంగింది, గొంతు ఖంగుమంది.

"...రాష్ట్ర చిన్న పరిశ్రమల శాఖామాత్యులు శ్రీ కార్వేటి ధనంజయ గారు."