‘కవాతు’ వారి ఏకైక సవరణ

ఏ దేశ సైన్యమైనా ఎప్పుడో ఒకప్పుడు ఓడిపోవచ్చు గానీ, దాని పత్రిక మాత్రం ఓడిపోదు. మన జాతీయ సైనిక మాసపత్రిక ‘కవాతు’ చరిత్రే చూడండి. తెల్లదొరల కాలంలో పుట్టిన నాటి నుంచీ అందులో ‘వెనకడుగు’ అన్న మాట పడలేదు (‘వెనుక దిశగా ముందంజ’ అని రాయాలన్నది నియమం). సవరణల విభాగం కూడా ఉంది. తప్పులే లేవు గనక, అందులోని వాళ్లంతా ఏ పనీ చేయకుండానే సగౌరవంగా రిటైరయ్యారు.

నూరేళ్ల పండగకి పత్రిక తన చరిత్రను తానే ప్రత్యేక సంచికగా అచ్చేసుకుంది. మధ్య పేజీలో పాత ఫొటో. గాయపడ్డ జవాన్ని భుజాన వేసుకుని మంచులో నడుస్తున్న ఇంకో జవాను. కింద, ‘మిత్రుణ్ణి కాపాడుతున్న హబీబుల్లా, గురజాల’.

రిటైరై గురజాలలో ఉంటున్న హబీబుల్లాకి అది చూశాక అన్నం సయించలేదు. మోసింది తను కాదు, భుజాన వేలాడుతున్నది తను. మోసినవాడు మాచవరం డేవిడ్. మరుసటి చలికాలం ఆ కొండల్లోనే మంచు విరిగిపడి పోయాడు. ఇప్పుడతని భార్య కరుణమ్మకి మొహం ఎట్లా చూపించాలి?

హబీబుల్లా ఢిల్లీకి ఫోన్ చేశాడు. సవరణల విభాగం ఉలిక్కిపడింది. తెలుగొచ్చిన చరిత్ర ధ్రువీకరణాధికారి ఒకాయన, ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని నడికుడిలో రైలు దిగి, హబీబుల్లాతో కలిసి మాచవరంలో కరుణమ్మ ఇంటికొచ్చాడు.

కరుణమ్మ ఫొటో చూసి, “మోసేది మా ఆయనే. మొహం కనపడకపోతే ఏంది, ఆ మెడ నాకు తెలవదా?” అంది.

“మెడలు చారిత్రక ఆధారాలు కావమ్మా,” అన్నాడు అధికారి.

“నన్నే గదా సార్ మోసింది! నేను చెప్తన్నాగా!” అన్నాడు హబీబుల్లా.

“అప్పుడు మీరు స్పృహలో ఉన్నారా?”

“లేను సార్.”

“అయితే మీ సాక్ష్యం చెల్లదు.”

పత్రిక రాసింది తప్పు కాకూడదు. కాబట్టి జరిగిందాన్నే సవరించాలని అధికారి తీర్మానించాడు. వాకిట్లో ఆరబోసిన కరుణమ్మ పత్తిని మంచులాగా పరిపించాడు. హబీబుల్లా ఇప్పుడు ఎవర్నో ఒకర్ని మోస్తే, అచ్చయిన మాట నిజమైపోతుంది. గాయపడ్డవాడిగా అధికారి తానే (దేశం కోసం) పత్తిలో పడుకున్నాడు.

హబీబుల్లా కరుణమ్మ వంక చూశాడు. ఆమె చూపు వాళ్లు తొక్కేసిన పత్తి మీదుంది.

“ఎత్తన్నయ్యా,” అంది. “ఎత్తి, బస్టాండులో దించేసి రా.”

ఎత్తాడు. వాకిలి దాటాడు, బజారు దాటాడు. మోకాళ్లు కలుక్కుమంటున్నా ఆగలేదు. వెనకాల ఫొటోగ్రాఫర్ తీస్తూనే ఉన్నాడు.

“చాలు, చాలు! దించండి!” అని అరిచాడు భుజం మీది అధికారి.

“డేవిడ్ నన్ను యాడా దించలేదంట సార్,” అన్నాడు హబీబుల్లా.

మరుసటి నెల ‘కవాతు’లో నూరేళ్ల చరిత్రలో తొలి సవరణ పడింది. అధికారిని మోస్తున్న హబీబుల్లా ఫొటో. కింద, ‘మిత్రుణ్ణి కాపాడుతున్న డేవిడ్, మాచవరం’.

“పోనీలే, పేరన్నా పడింది,” అంది కరుణమ్మ.

ఈ సవరణపై అభ్యంతరం ఉన్నచో, డేవిడ్ స్వయంగా కార్యాలయంలో హాజరు కావలెనని అడుగున చిన్నక్షరాల్లో వేశారు.