మారువేషం వేసిన కంప్యూటరు

విశాఖపట్నంలో సెమినారుకి బయల్దేరినప్పుడు వరహాలరావు మాస్టారు మామూలు మనిషి. రెండు రోజుల తరవాత కిరండూల్ పాసింజరు దిగి అరకు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టేసరికి దీక్ష పుచ్చుకున్న మనిషి. సంచీలో నలభై సీడీలు. నోట్లో ఒకటే మంత్రం: లినక్స్!

అది రెండువేల ఏడో సంవత్సరం. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. ఆ రోజు నుంచి ఫిజిక్సు తప్ప అన్నీ చెప్పాడు.

"కంప్యూటరుని నడిపించే ప్రోగ్రామండీ! కొనక్కర్లేదు, దొంగ కాపీ అక్కర్లేదు. విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచిపెట్టొచ్చు. అదీ స్వేచ్ఛంటే!" అని టీ బడ్డీ దగ్గరా, బస్సులోనూ, ఆఖరికి పెళ్ళిభోజనాల బంతిలోనూ చెప్పాడు. వడ్డించేవాడు "సాంబారా, చారా?" అనడిగితే "లినక్స్" అన్నాడని కూడా చెప్పుకున్నారు.

ఒక్కరూ సీడీ తీసుకోలేదు.

ఫొటో స్టూడియో సన్యాసిరావు ఊళ్ళో కంప్యూటర్లకి వైద్యుడు. ఏ జబ్బుకైనా ఆయన మందు ఒకటే. ఉన్నదంతా చెరిపేసి దొంగ విండోస్ కాపీ మళ్ళీ ఎక్కించడం. ఆ కాపీతోపాటు వైరస్ కూడా దిగేది కాబట్టి రోగులు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు.

"ఊరికే ఇత్తన్నారంటే ఏదో తిరకాసుంటాది మాస్టారూ," అన్నాడాయన. "మీరు మంచోరే. ఆ సీడీ మీదే నాకు డవుటు."

బయట గెలవలేని మొగుడు ఇంటి మీద పడతాడు. వరహాలరావూ అంతే చేశాడు.

ఆయన భార్య సరళ ఇంట్లో కంప్యూటరు మీద తెలుగు టైపు చేస్తుంది. హుకుంపేట దగ్గర కొండల్లో కాఫీ తోటలున్న ఆడవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ అర్జీలన్నీ సరళ చేతి మీదుగానే వెళ్ళాలి.

"సరళా, ఒక్కసారి మార్చి చూడు."

"దేన్ని? మిమ్మల్నా?"

"కంప్యూటర్ని! వైరస్సే రాదు."

"ఏటండీ, నా కంప్యూటరు జోలికొచ్చారంటే నెల్లాళ్ళు చోడి అంబలే మీకు. ఆలోచించుకోండి."

మాస్టారు ఆలోచించుకున్నాడు. అంబలి గురించి కాదు.

డిసెంబర్లో సరళ పుట్టిల్లు గజపతినగరం వెళ్ళింది. బస్సు మలుపు తిరగ్గానే ఆయన ఇంటికి పరుగెత్తాడు. ఆమె ఫైళ్ళన్నీ సీడీల్లోకి జాగ్రత్తగా ఎక్కించుకుని, పాతది పీకేసి, లినక్స్ పెట్టేశాడు. తరవాత దానికి మారువేషం వేశాడు. తెర మీద అదే నీలాకాశం, అదే పచ్చగడ్డి. బొమ్మలన్నీ పాత చోట్లలో, పాత పేర్లతో. పదిహేను రోజులు ఏమీ తెలియకుండా వాడుతుంది. అప్పుడు, "చూశావా, ఇన్నాళ్ళూ నువ్వు వాడింది లినక్సే!" అనాలి. ఆ మాట అద్దం ముందు నాలుగుసార్లు అని చూసుకున్నాడు.

సరళ గురువారం వచ్చింది. కంప్యూటరు ముందు కూచుంది. మాస్టారు పేపరు తిరగేసి పట్టుకుని ఓరకంట చూస్తున్నాడు.

"ఏటండీ, తెలుగు కొడతంటే ఇంగ్లీషక్షరాలు పడతన్నాయేటి?"

ఆ సంగతి ఆయన మరిచిపోయాడు. ఆమె టైపు చేసే పాత తెలుగు సాఫ్ట్‌వేరు లినక్స్‌లో నడవదు.

"చలి," అన్నాడు.

"చలేటి?"

"లంబసింగి వైపు నుంచి గాలి తిరిగింది కదా. కీబోర్డు బిగుసుకుపోయుంటుంది."

సరళ ఆయన్ని ఒక క్షణం చూసింది. "మరి ప్రింటరు?"

"అదీ చలే."

"పాపం," అని లేచి, కీబోర్డుకి శాలువా కప్పి వెళ్ళిపోయింది. నమ్మేసిందని మాస్టారు పొంగిపోయాడు.

ఆదివారం పొద్దున్న సంఘం ప్రెసిడెంటు నిర్మల జీపు దిగి గబగబా వచ్చింది.

"అక్కా, కాఫీ పళ్ళ తొక్క తీసే మిషన్లు గవర్నమెంటోళ్ళు ఇత్తారంట. రేపు పాడేరు ఆఫీసులో అర్జీ ఇవ్వకపోతే ఈ ఏడు ఇంక లేనట్టే. తొక్క తియ్యకుండా అమ్ముతుంటే మాకు మిగులుతున్నదేటీ లేదు. యాభై రెండు మంది పేర్లు, నాలుగు కాపీలు. బేగి కొట్టీ అక్కా!"

"నేను రెడీయే గానీ, కంప్యూటరుకి జలుబు చేసిందమ్మా," అంది సరళ. "సన్యాసిరావుని పిలిస్తే అంతా చెరిపేసి కొత్తగా..."

"వద్దు!" అని మాస్టారు కుర్చీలోంచి ఎగిరాడు. అంతా చెరిపేస్తే ఆయన లినక్సూ పోతుంది, గుట్టూ బయటపడుతుంది. "ఆయన్నెందుకు శ్రమ పెట్టడం? నేను చేత్తో రాసేస్తాను."

"నాలుగు కాపీలూనా?"

"కార్బన్ పేపరుంది."

కార్బన్ పేపరు చిరిగిందే ఉంది. మాస్టారు నాలుగుసార్లూ రాశాడు. నిర్మల పక్కనే పీట వేసుకుని కూచుంది. "కొర్రా బుడ్డి కాదు మాస్టారూ, కొర్రా బుద్రి. పాంగి సొన్నాయిని రెండుసార్లు ఏసీసినారు. ఆయమ్మ ఒకర్తే."

దేశానికి కంప్యూటరు స్వేచ్ఛ ఇవ్వడానికి పుట్టిన మనిషి సాయంత్రం నాలుగింటిదాకా కలంతో కుస్తీ పట్టాడు. వేళ్ళు వంకాయల్లా వాచాయి. మధ్యలో ఒకసారి ఆయనకి నిజంగానే సిగ్గేసింది. తన సరదా కోసం యాభై రెండు కుటుంబాల పని ఆపాడు మరి.

ఆఖరి పేరు రాసి తలెత్తేసరికి లోపల్నుంచి కిర్రుకిర్రుమని చప్పుడు. ప్రింటరు! సరళ నాలుగు కాపీలు పట్టుకొచ్చింది. నల్లటి, చక్కటి తెలుగు అక్షరాలు. యాభై రెండు పేర్లూ ఉన్నాయి.

"నీకు... తెలుసా?"

"గురువారమే తెలిసిందండీ. పొద్దున్న ఆన్ చెయ్యగానే వైరస్ వచ్చిందని రోజూ గంట కొట్టేది. ఆ రోజు కొట్టలేదు. మన కంప్యూటరుకి అంత ఆరోగ్యం ఎక్కడిది? మెనూలో సహాయం నొక్కితే దాని అసలు పేరు అదే చెప్పింది. శుక్రవారం మీరు కాలేజీకెళ్ళాక మీ సీడీల సంచీలో ఉన్న లినక్స్ పుస్తకం తీసి చదివాను. తెలుగు పెట్టడం అరగంట, ప్రింటరు పావుగంట."

"మరి పొద్దున్నే చెప్పొచ్చు కదా!"

"చలి గురించి మీరు అంత బాగా చెప్పాక మాట్లాడ్డం బాగుండదని ఊరుకున్నాను." సరళ నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. "ఉచితంగా పెట్టారు, సంతోషం. పెట్టిన పద్ధతే అనుచితం. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని ఊరంతా తిరిగారు. నన్ను ఒక్క మాటడగలేదేటి?"

మాస్టారు కలానికి మూత పెట్టాడు. "తప్పే సరళా," అన్నాడు.

"ఇంతకీ బాగానే ఉందది. ఉండనివ్వండి."

ఆర్నెల్లుగా ఆయన వినాలని ఎదురుచూసిన మాట అది. విన్నాక ఆనందపడే ఓపిక లేదు.

నిర్మల కంప్యూటరుని వింతగా చూసింది. "అక్కా, వైరస్ రాదంటావేటి? మా ఆఫీసులో కంప్యూటరు వైరసొచ్చి మూలపడుంది."

"రాదు. నేను వాడతన్నాను కదా."

"అయితే మాకూ ఎక్కించీ."

రెండు ముక్కలు. అంతే. నలభై సీడీలతో ఆయన చెయ్యలేనిది సరళ రెండు ముక్కల్లో చేసేసింది.

మర్నాడు అర్జీ అందింది. వేసవి వెళ్ళేసరికి తొక్క తీసే మిషను మంజూరైంది. ఆ నెలే హుకుంపేట సంఘం ఆఫీసులో సరళ కంప్యూటరు పాఠం మొదలుపెట్టింది. సీడీల సంచీ మోస్తూ మాస్టారూ వెళ్ళాడు. పదిహేనుమంది ఆడవాళ్ళు చాపల మీద కూచున్నారు. లినక్స్ అంటే ఏమిటో వివరిద్దామని ఆయన గొంతు సవరించుకున్నాడు.

నిర్మల ముందే లేచింది. "ఈయమ్మ మన టీచరమ్మ. కంప్యూటరంతా ఈయమ్మకే తెలుసు." తరవాత మాస్టారి వైపు జాలిగా చూసింది. "ఈయన టీచరమ్మ గారి పెనిమిటి. కంప్యూటరు రాదు పాపం. రాత మాత్రం ముత్యాలే."

సరళ ఆయన చేతిలో సుద్దముక్క పెట్టింది.

"బోర్డు మీద అఆలు రాయండి మాస్టారూ, వీళ్ళు చూసి టైపు కొడతారు. బేగి."