మూడు వందల పదాలకి మించరాదు

ఆ పొద్దున్న ధనశ్రీ వేసుకున్న ప్లాను చిన్నదే. పదింటికి ప్రోగ్రాం నడపడం, పదకొండింటికి జాబితా ఇవ్వడం, సాయంత్రానికి ఉద్యోగం ఖాయం చేసుకుని గాజువాక బస్సెక్కడం. పోర్టు దగ్గరి ఆ కార్గో కంపెనీలో ఆమె ఆరు నెలల ట్రైనింగు ఆ రోజుతో ఆఖరు. ఉంచాలా పంపాలా అన్నది మేనేజరు సన్యాసిరాజుగారి చేతిలో ఉంది.

భద్రతా వారం వ్యాసాల పోటీకి ఇరవై వ్యాసాలొచ్చాయి. మూడు వందల పదాలు మించకూడదు. కంప్యూటరు కొని ఏడాదైంది కనక లెక్క అదే చెయ్యాలని మేనేజరుగారి పట్టు. ధనశ్రీ సి లాంగ్వేజిలో ప్రోగ్రాం రాసింది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, ఖాళీలు లెక్కేసి ఒకటి కలిపితే సరి. నాలుగు వాక్యాల మీద నడిపి చూస్తే లెక్క ఠంచనుగా వచ్చింది.

తీరా పదింటికి చూస్తే పంతొమ్మిది వ్యాసాలు మూడు వందలు దాటిపోయాయి. మిగిలింది ఒక్కటే, మేనేజరుగారిది. రెండు వందల తొంభై ఒకటి. ఆయన మురిసిపోయి, అందరి లెక్కలూ వేసి, మొదటి బహుమతి తనదేనని నోటీసు అంటించేశారు. మూడింటికి హెడ్డాఫీసు పెద్దలు రావాలి. శాలువా కోసం పూర్ణా మార్కెట్‌కి మనిషి కూడా వెళ్లిపోయాడు.

పావుగంట తిరక్కుండా క్రేన్ ఆపరేటరు తాతబాబు పదిమందిని వెంటేసుకుని వచ్చాడు.

"నాను మూడుసార్లు లెక్కెట్టినాను పాపా. రెండొందల అరవై. నాలుగొందలని ఏటి రాసీసినావు?"

"కంప్యూటరు తప్పు చెయ్యదండీ," అంది ధనశ్రీ. ఆ ముక్క అనకుండా ఉండవలసింది.

"అయితే మా ముందర లెక్కెట్టు. తేలీదాకా క్రేన్ కదలదు."

కదల్లేదు. రేవులో ఓడ ఆగిపోయింది. ఫోను మీద ఫోను. సన్యాసిరాజుగారు బయటికొచ్చి, "అరగంటలో మన లెక్క కరెక్టని వీళ్లకి చూపించమ్మా. లేకపోతే నీ ట్రైనింగు కాయితం మీద ఏం రాయాలో నాకు తెలుసు," అన్నారు.

ధనశ్రీ తాతబాబు వ్యాసం తెరిచింది. మేనేజరుగారిది తప్ప అన్నీ కంప్యూటర్లో కొట్టిన టైపిస్టు అర్జునరావుగారు వెనక నిలబడి, "సూసినావా, రెండంచులూ గీత గీసినట్టున్నాయి. ముప్పయ్యేళ్ల సెయ్యి," అన్నారు. అంచులు సమంగా రావాలని ఆయన మాటల మధ్య రెండేసి మూడేసి ఖాళీలు కొట్టారు. శీర్షిక నడిమధ్యకి రావాలని ముప్పై. ప్రోగ్రాం ప్రతి ఖాళీనీ ఒక మాట కింద జమకట్టింది.

ఆ పెద్దాయన్ని అనడానికి ఆమెకి నోరు రాలేదు. "ప్రోగ్రాంలోనే పొరపాటుందండీ," అని ఒప్పేసుకుంది. ఎన్ని ఖాళీలున్నా ఒకటిగానే చూడాలని, లైను మారినా ఖాళీ కిందే లెక్కని నాలుగు లైన్లు మార్చింది. తాతబాబుది సరిగ్గా రెండు వందల అరవై. మిగతా పద్దెనిమిదీ కూడా దారికొచ్చాయి.

"మరి సారుదో?" అన్నాడు తాతబాబు. "అదీ ఓపాలి కొట్టు."

ధనశ్రీకి అప్పుడు తట్టింది. సారు తన వ్యాసం తనే ఒంటివేలితో కొట్టుకున్నారు. లైను చివర ఖాళీ వదలరు, నేరుగా ఎంటరే. ఆ కొసమాటనీ కింది లైను మొదటిమాటనీ పాత ప్రోగ్రాం కలిపి ఒకటనుకుంది. అలా నలభై మాటలు మింగేసింది. అంతమంది చూస్తుంటే నొక్కక తప్పలేదు. మూడు వందల ముప్పై ఒకటి.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది ఆమెకి.

క్రేన్ కదిలింది. మూడింటికి హెడ్డాఫీసు పెద్దలు తాతబాబు వ్యాసమే మేలన్నారు, శాలువా అతని భుజాన పడింది. అయిదింటికి ధనశ్రీకి కవరు అందింది. ట్రైనింగు ఇంకో ఆరు నెలలు పొడిగించారు. కారణం అన్నచోట సన్యాసిరాజుగారు స్వదస్తూరీతో రాశారు: "పని కచ్చితం. ఆఫీసు అనుభవం చాలదు."